అర్జీ మీద 143 సంతకాలు, మీటింగుకి నలుగురు: జనాన్ని కూడగట్టడం ఎలా నేర్చుకోవాలి?

మెట్ట పిల్ల (ప్రశ్న):

అందరికీ నమస్తే. నాకు 28 ఏళ్లు. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక చిన్న ఊరు. 2019లో డిగ్రీ అయిన కొత్తలో గ్రామ వాలంటీరుగా చేరి, 2024 దాకా చేశాను. నెలకు 5 వేలు. నా కింద యాభై ఇళ్లు. ఒకటో తేదీ కోడి కూయకముందే తలుపు తట్టి పింఛను ఇచ్చేదాన్ని. ఆ ఇళ్లలో ఎవరికి షుగరుందో, ఎవరి రేషన్ కార్డులో ఎవరి పేరు తప్పుందో ఇప్పటికీ నోటికి చెప్పగలను.

సమస్య ఇది. మా ఊరి నుంచీ, పక్కనున్న రెండు ఊళ్ల నుంచీ మండల కేంద్రంలోని హైస్కూలుకు 34 మంది పిల్లలు వెళ్తారు. వాళ్లలో ఆడపిల్లలు 19 మంది. దూరం 9 కిలోమీటర్లు. పొద్దున పల్లెవెలుగు బస్సు ఉంది. సాయంత్రం 5.15కి వచ్చే ట్రిప్పును కిందటి ఏడాది ఆపేశారు. స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. మా ఆడపిల్లలకు టికెట్టు డబ్బులు అక్కర్లేదు, ఎక్కడానికి బస్సే లేదు. ఆటోలో మనిషికి 20 రూపాయలు. ఒక్కో ఆటోలో 14 మంది. చీకటి పడ్డాక మగవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని రావడం ఇష్టం లేక తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు బడి మానేశారు. ఒకమ్మాయి లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు.

నేను మూడు రోజులు తిరిగి 143 సంతకాలు పెట్టించి, సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాను. పద్దెనిమిదో రోజున ఫోనుకి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. బస్సు మాత్రం రాలేదు. అప్పుడు ఊరి వాట్సాప్ గ్రూపులో మీటింగు పెడదామని రాశాను. ఆదివారం పొద్దున పది గంటలకు, పంచాయతీ ఆఫీసు దగ్గర. 60 మంది బొటనవేలు గుర్తు పెట్టారు. వచ్చింది నలుగురు, వాళ్లలో మా అమ్మ ఒకరు. ఆ రోజు కుర్చీలు వెనక్కి సర్దుతుంటే ఏడుపొచ్చింది.

నాకు ఈ పని వదలాలని లేదు. బస్సుతో ఆపేయాలని కూడా లేదు. కానీ నాకు చేతకావడం లేదేమో అనిపిస్తోంది. దీనికి ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) లాంటి చదువేదైనా చదవాలా? స్టేజీ మీద మాట్లాడటం నేర్చుకోవాలా? జనాన్ని కదిలించేవాళ్లు అసలు ఏం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లాంతరు (జవాబు):

తల్లీ, నీ ప్రశ్న రాత్రి రెండుసార్లు చదివాను. మాదీ మెట్టే. నేనూ వాలంటీరుగానే మొదలుపెట్టాను. 1991లో మన జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రి బడులు పెట్టారు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాను. జీతం లేదు. ఒక లాంతరు, ఒక నల్లబల్ల, పలకలు ఇచ్చారు. రాములవారి గుడి అరుగు మీద రోజూ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా ఆడవాళ్లకు చదువు చెప్పాలి.

మొదటి నెల నేను నీలాగే చేశాను. ఇంటింటికీ తిరిగి "రాండక్కా, చదువు మంచిది" అని చెప్పాను. అందరూ సరేనన్నారు. రాత్రికి లాంతరు దగ్గర నేనూ పురుగులూ మిగిలేవాళ్లం. ఒక రోజు ఒక పెద్దామె వేరుశనక్కాయలు ఒలుస్తూ, తలెత్తకుండానే అంది: "నువ్వు చెప్పేదానికొస్తావు, పోతావు. మేము ఏం చెప్తామో ఒక్కనాడన్నా అడిగినావా మ్మే?"

ఆ మాట నాలో దిగబడిపోయింది. మర్నాటి నుంచి పలకలు ఇంట్లోనే పెట్టి వెళ్లాను. ఊరికే కూర్చుని కాయలు ఒలిచాను. వారం తిరిగేసరికి ఏ ఇంట్లో విన్నా చివరికి ఒకే మాట తేలింది. సారా. కూలి డబ్బులు ఇల్లు చేరడం లేదు. అప్పుడు ప్యాకెట్లలో అమ్మేవాళ్లు. గొడ్డు చాకిరీ చేసి తెచ్చిన గింజలను కూడా మొగుళ్లు ఎత్తుకుపోయి సారా కొట్లో ఇచ్చేవాళ్లు. మా చదువుల పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల చితికిపోయిన సంసారం గురించి. అది చదివించిన రాత్రి ఎవరూ పలక మీద రాయలేదు. పదకొండింటి దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మరునాడు ఎవరినీ పిలవకుండానే ఇరవై రెండు మంది వచ్చారు.

ఆ తర్వాత సంగతి నీకు తెలిసే ఉంటుంది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మగారూ, ఆమెతో ఉన్న ఆడవాళ్లూ సారా కొట్టు మూయించారు. ఆ కబురు ఊరూరా పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు వాయిదాల మీద వాయిదాలు వేయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో మద్యం మొత్తాన్నీ నిషేధించి, 1997లో మళ్లీ సడలించారు. పేపర్లలో ఊరేగింపుల ఫోటోలు వచ్చాయి. వాటి వెనక కొన్ని నెలల పాటు అరుగుల మీద ఏం జరిగిందో ఫోటోల్లో కనపడదు. నువ్వు అడుగుతున్నది ఆ పని గురించి.

ఇప్పుడు నీ సంగతికొస్తాను. నువ్వు ఐదేళ్లు ఆ ఇళ్లకు ఇస్తూ వచ్చావు. నిన్ను చూడగానే వాళ్లకు పింఛను కవరు, వేలిముద్ర మిషను గుర్తుకొస్తాయి. అర్జీ పట్టుకెళ్తే దాన్నీ ఆ లెక్కలోనే వేసుకున్నారు. మనమ్మాయి అడిగింది, పెట్టేస్తే ఆమే చూసుకుంటుంది. 143 మందీ నీ మొహం చూసి పెట్టారమ్మా ఆ సంతకాలు. బస్సు కోసం పెట్టినవాళ్లు ఎందరో ఇంకా నీకు తెలియదు. అర్జీ రాసింది నువ్వు, తిరిగింది నువ్వు, ఇచ్చింది నువ్వు, మెసేజ్ వచ్చింది నీ ఫోనుకి. మీటింగు రోజు, చోటు, వేళ నువ్వే పెట్టావు. ఇందులో వాళ్లు చేయడానికి ఏం మిగిలింది?

నిన్ను తప్పు పట్టడానికి అనడం లేదు. నా చేత కూడా ఇదే తప్పు జరిగింది, చాలా పెద్దదే. సారా పోయాక మా ఊళ్లో రోజుకో రూపాయి పొదుపు సంఘం పెట్టుకున్నాం. లెక్కలు నేను రాసేదాన్ని. బ్యాంకుకు నేను పోయేదాన్ని. ఆఫీసర్లతో నేనే మాట్లాడేదాన్ని, ఎందుకంటే నాకు తొందరగా అయ్యేది. 1996లో పెళ్లై కావలి వెళ్లిపోయాను. మూడు నెలలకే సంఘం చెదిరిపోయింది. పుస్తకం ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియలేదు. అంతమంది ఆడవాళ్ల ధైర్యాన్ని నా సంచీలో పెట్టుకుని అత్తగారింటికి పట్టుకుపోయాను కదా అని ఈ రోజుకీ బాధే.

ఇక ఏం చేయాలో నాకు తెలిసినంత చెప్తాను.

మళ్లీ ఇళ్లకు వెళ్లు. ఈసారి కాగితం, పెన్ను వద్దు, ఫోను చేతిలో పట్టుకోవద్దు. ఒక్కదానివే పోవద్దు. బడి మానేసిన పిల్ల తల్లిని వెంటబెట్టుకుని పో. ముందు ఆ 19 మంది ఆడపిల్లల ఇళ్లు చాలు, ఊరంతా అక్కర్లేదు. కూర్చో. "పాప సాయంత్రం ఎన్నింటికి ఇల్లు చేరుతుంది?" అని అడిగి నోరు మూసుకో. ఇది చాలా కష్టం. మనకు చదువుంది కాబట్టి రెండో నిమిషంలోనే పరిష్కారం చెప్పేస్తాం. చెప్పొద్దు. ఆ తల్లి ఆరున్నరకు రోడ్డు మీద ఎక్కడ నిలబడి ఎదురుచూస్తుందో, ఏ మలుపు దగ్గర భయమో, ఆటో ఖర్చుకు దేనికి కోత పెడుతోందో ఆమె నోటితోనే రావాలి. చెప్తూ చెప్తూ ఆమెకు కోపం వస్తుంది. దాన్ని చల్లార్చకు.

లేచే ముందు ఒక్క పని అడుగు. "మీటింగుకి రా" అని అడగొద్దు. "మీ పక్కింటామెను నువ్వు పిలుచుకొస్తావా?" అని అడుగు. ఇంకొకరిని పిలిచిన మనిషి తను రాకుండా ఉండదు.

జవాబు ఎలా చెప్తుందో కూడా చెవి పెట్టి విను. మన వైపు "చూద్దాంలే" అంటే రాదు. "వస్తాలే నువ్వు పో" అన్నా రాదు, నిన్ను నొప్పించకుండా పంపించేస్తోందంతే. "ఎన్నింటికి?" అని అడిగిందా, వస్తుంది. "మా ఆయన్ని అడగాలి" అన్నదానికి వస్తుందనీ కాదు, రాదనీ కాదు. ఆమె ఇంటికి ఇంకోసారి పోవాలి, ఆయన ఉన్నప్పుడే. రాత్రి ఇంటికొచ్చాక పుస్తకంలో రాసుకో. ఎవరు ఏమన్నారు, ఎవరిని పిలుస్తానన్నారు. నేను వందమందిని పిలిచిన రోజుల్లో కూడా ఆ లెక్క నోటితో వేసుకోలేదు, పేర్లు రాసుకుని వేసుకున్నాను.

మీటింగు వేళ వాళ్లనే పెట్టుకోనీ. ఆదివారం పది గంటలు ఉద్యోగస్థుల వేళ. ఆ టైముకి ఊళ్లో ఆడవాళ్లకు తలంట్లు, బట్టలు, కూర. పాల కేంద్రానికి పాలు పోసి వచ్చే దారిలో ఒక అరగంట అయితే కుదురుతుందేమో అడుగు. చోటు గురించి ఇంకా జాగ్రత్త. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేస్తే కాలనీ ఆడవాళ్లు దూరంగా నిలబడతారు. ఆ 19 మందిలో కాలనీ పిల్లలు లేకుండా ఉండరు. మా ఊళ్లో మొదట గుడి అరుగు మీద బడి పెట్టినప్పుడు మాల మాదిగ పల్లెల నుంచి ఒక్క మనిషీ రాలేదు. ఎందుకో నాకు అర్థం కావడానికి నెల పట్టింది, ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. లాంతరు తీసుకెళ్లి వాళ్ల పల్లె చింతచెట్టు కింద పెట్టాను. అప్పుడు గుడి వీధి వాళ్లు నలుగురు మానేశారు, మిగతావాళ్లు నడిచి వచ్చారు. సారా కొట్టు ముందు చివరిదాకా కూర్చుంది కూడా ఆ చింతచెట్టు దగ్గరి మనుషులే.

నువ్వు మాట్లాడటం నేర్చుకోవాలా అని అడిగావు. నువ్వు కాదు, వాళ్లు. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలని అనుకున్నప్పుడు మా ఆడవాళ్లు నాతో అన్న మాట: "నువ్వు రాయి, చదివి వినిపించు. వేలిముద్రలు మాత్రం వెయ్యం, సంతకాలే పెడతాం." దానికి పన్నెండు రోజులు పట్టింది. ఒకామె పేరులో క్ష కింద మ వత్తు ఉంది. పొయ్యి ముందు బూడిద పరిచి పుల్లతో గీసేది, చెరిపేసేది. క్ష వచ్చేది, వత్తు పక్కకు జారిపోయేది. నేను చెయ్యి పట్టుకుని దిద్దించబోతే విదిలించుకుంది. తొమ్మిదో రోజు రాత్రి కుదిరింది. కూతుర్ని నిద్ర లేపి చూపించింది. ఆఫీసులో గుమాస్తా ఇంకుప్యాడు ముందుకు తోస్తే ఆమె దాన్ని వెనక్కి తోసి పెన్ను అడిగింది. ఆ తర్వాత ఆ మనిషి ఎవరికీ భయపడగా నేను చూడలేదు. వేలిముద్రలు వేయించి రెండు రోజుల్లో అర్జీ ఇచ్చేసి ఉంటే ఆమెకు ఇది దక్కేదా?

ఒక ప్రమాదం గురించి చెప్పకుండా ఉండలేను. కొట్టు ముందు కూర్చున్న మర్నాడు ఒకామెను మొగుడు చావబాదాడు. అలాంటిది జరిగిన రోజున నువ్వు ఏం చేస్తావో ముందే అందరూ కలిసి అనుకుని ఉండాలి. మేం అనుకుని ఉన్నాం. పదిహేడు మంది పోయి ఆ ఇంటి ముందు కూర్చున్నాం. ఎవరూ తిట్టలేదు, అరవలేదు. బియ్యం ఏరుకుంటూ పొద్దు గూకేదాకా కూర్చున్నాం. వాడు ఇంట్లోంచి బయటికి రాలేకపోయాడు. మళ్లీ చెయ్యెత్తలేదు.

చదువు మాటకొస్తే, ఎమ్మెస్‌డబ్ల్యూ చదివితే చట్టాలు, పథకాలు తెలుస్తాయి, మంచిదే. కానీ ఇళ్లలో కూర్చోవడం అక్కడ రాదు. ముందు ఈ బస్సు పని పూర్తిగా చెయ్యి.

పాత కండక్టర్ (జవాబు):

అమ్మాయ్, 31 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. పైన అక్కగారు జనం సంగతి చెప్పారు. నేను డిపో సంగతి చెప్తాను.

ట్రిప్పు ఆపేముందు డిపోలో ముఖ్యంగా రెండు అంకెలు చూస్తారు. ఓఆర్, అంటే సీట్లలో ఎన్ని నిండాయి అనేది. ఈపీకే, అంటే కిలోమీటరుకు ఎంత వచ్చింది అనేది. ఈ లెక్కలు కండక్టరు చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషను నుంచి వెళ్తాయి. ఏ స్టేజీలో ఎందరు ఎక్కారో అందులో ఉంటుంది. ఉచితం కదా అని టికెట్టు తీసుకోకుండా కూర్చుంటే మీరు ఆ బస్సులో లేనట్టే లెక్క. జీరో టికెట్టు, అంటే ఉచిత ప్రయాణానికి ఇచ్చే టికెట్టు, ప్రతి మనిషీ అడిగి తీసుకోవాలి, అదీ ఎక్కిన స్టేజీ నుంచే. పొద్దున బస్సులో ముందు ఇది మొదలుపెట్టండి. నెల రోజులు మీ మూడు ఊళ్ల టికెట్లు దాచండి. "మాకు బస్సు కావాలి" అన్న కాగితం డిపోకు రోజూ వస్తుంది. "మా మూడు స్టేజీల్లో రోజూ ఇందరు ఎక్కుతున్నారు, వాళ్లే సాయంత్రం తిరిగి రావాలి, ఇవిగో టికెట్లు" అని చూపించేవాళ్లు నా సర్వీసులో ఇద్దరో ముగ్గురో వచ్చారు. వాళ్ల పని అయింది.

ఇంకోటి. కొత్త ట్రిప్పు అడిగితే బస్సు లేదు, డ్రైవరు లేడు అంటారు. ఆ టైములో ఆ రోడ్డు మీద నడుస్తున్న వేరే సర్వీసును మీ ఊళ్ల మీదుగా తిప్పగలరా అని అడగండి. ఆరేడు కిలోమీటర్ల తేడా అయితే డిపో మేనేజరు స్థాయిలో ఆలోచించే వీలుంటుంది. బడి ఎన్నింటికి వదులుతారో హెడ్మాస్టరు గారితో కాగితం మీద రాయించుకుని పోండి. నా రూట్లో ఒకచోట బడి 5కి వదిలితే బస్సు 4.50కి కదిలిపోయేది. ఏడాది పాటు ఖాళీగా తిరిగింది, చివరికి ఓఆర్ లేదని ఆపేశారు. పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తుంటే అద్దంలో చూసి కూడా టైము ప్రకారం రైట్ చెప్పినవాణ్ణి నేనే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మస్టర్ రోల్ (జవాబు):

నేను అనంతపురం వైపు ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేశాను. ఉపాధి హామీని మా వైపు కరువు పని అంటారు. మన రాష్ట్రంలో ఈ తనిఖీలు 2006లో మొదలయ్యాయి. ఆ పద్ధతికి మూలం రాజస్థాన్‌లో ఉంది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు 1994లో కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి జన్ సున్వాయి, అంటే ప్రజా విచారణ సభ పెట్టారు. పంచాయతీ లెక్కల కాగితాలను ఊరి మధ్యలో పైకి చదివారు, అంతే. పేరు ఉంది, కూలి ఇచ్చినట్టు ఉంది. ఆ పేరుగల మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది, నాకు రాలేదని చెప్పింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిందంటే దాని వెనక అలాంటి సభలు, 1996లో బ్యావర్‌లో నలభై రోజులు కూర్చున్న ధర్నా ఉన్నాయి.

మెట్ట పిల్లగారూ, మీ అర్జీని ఏ కారణంతో ముగించారో సమాచార హక్కు కింద అడగండి. మన దగ్గర ఊరి స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. అయితే నా మాట ఒకటి వినండి. దరఖాస్తు మీ పేరుతో పెట్టకండి. ఒక తల్లి పేరుతో పెట్టండి. జవాబు కవరు పోస్ట్‌మ్యాన్ ఆమె ఇంటికి తేవాలి. ఆ కవరును మీరు చింపకండి. అందరూ ఉన్నప్పుడు ఆమె చేతనే చింపించి, చదవగలిగిన ఆడపిల్ల చేత పైకి చదివించండి. కాగితంలో ఏముందో నలుగురి మధ్య వినడానికీ, మీరు వెళ్లి చెప్పడానికీ తేడా నేను వందల ఊళ్లలో చూశాను. మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, చదువుతున్నప్పుడు చచ్చిపోయిన తన కొడుకు పేరు విని ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత మేమేమీ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. మిగతాదంతా ఊరే అడిగింది.

మెట్ట పిల్ల (మూడు వారాల తర్వాత):

అక్కా, అంకుల్, అన్నా, అందరికీ థ్యాంక్స్. చెప్పినవన్నీ రాసుకుని మొదలుపెట్టాను. 19 ఇళ్లలో 16 ఇళ్లకు వెళ్లాం. నాతో ఆ లెక్కల్లో ఫస్టొచ్చే అమ్మాయి వాళ్లమ్మ వచ్చింది. మొదటి రెండిళ్లలో నేనే మాట్లాడేశాను. మూడో ఇంటి నుంచి ఆమె నా మోచెయ్యి గిల్లడం మొదలుపెట్టింది.

ఒక ఇంట్లో నాకు తెలియనిది తెలిసింది. ఐదేళ్లు ఆ గడప తొక్కాను, ఒక్కసారీ చెప్పలేదు. సాయంత్రం వాళ్ల నాన్నమ్మ కర్ర పట్టుకుని కిలోమీటరున్నర నడిచి వంక దగ్గర నిలబడుతుందట, పిల్ల ఆటో దిగే చోట. పోయిన వానలకు అక్కడే జారి పడి చెయ్యి విరిగింది. పింఛను వేలిముద్ర వేయించినప్పుడు ఆ కట్టు నేను చూశాను. ఏమైంది అవ్వా అంటే పడ్డాను అంది. ఎందుకు, ఎక్కడ అని నేను అడగలేదు.

జీరో టికెట్లు దాచడం పిల్లలకు అప్పజెప్పాం. పదో తరగతి అమ్మాయి పాత నోట్‌బుక్‌లో తేదీల వారీగా అంటిస్తోంది.

ఇప్పుడు టెన్షన్ ఏమిటంటే ఆటోలు. మూడు ఊళ్లలో కలిపి ఆరు ఆటోలు ఉన్నాయి. ఒకటి మా చిన్నాన్నది. బస్సు వస్తే మా పొట్ట కొట్టినట్టే అని ఇంటికొచ్చి మా నాన్నతో గొడవ పడ్డాడు. ఇంకో సంగతి, ఒక లీడరు కబురు పెట్టాడు, అర్జీ నాకు ఇవ్వండి, నేను చూసుకుంటాను అని. ఏం చేయమంటారు?

లాంతరు:

ఆటోల సంగతి నువ్వు అడగకముందే నేను చెప్పాల్సింది. ఏ పని తలపెట్టినా, ఇది అయితే ఎవరికి నష్టం అన్నది మొదటి వారమే కూర్చుని లెక్క వేసుకోవాలి. వాళ్లు శత్రువులు కానక్కర్లేదు. సారా మానేయించిన రోజుల్లో కొట్టు నడిపేవాడు మా పెదనాన్న వరసే.

మీ చిన్నాన్న దగ్గరికి నువ్వు పోవద్దు. నువ్వు పోతే అది ఇంటి గొడవ అవుతుంది. ఆ నాన్నమ్మను తీసుకుని ఇద్దరు తల్లులు పోవాలి. పిల్లల వల్ల రోజుకు ఆయనకు మిగిలేది ఎంతో ఆయన నోటితోనే చెప్పించండి. ఆ ఆరుగురిలో ఎవరి కూతురైనా హైస్కూలుకు పోతోందా చూడండి. బస్సు బడి వేళకు ఒక్క ట్రిప్పే కదా, మిగతా రోజంతా సవారీలు వాళ్లవే. ఆయన ఒప్పుకోకపోవచ్చు. అడ్డం పడకుండా ఉంటే చాలు.

లీడరును వద్దనకండి, అర్జీ మాత్రం ఆయనకు అప్పజెప్పకండి. "సిఫారసు ఉత్తరం ఇవ్వండి సార్, మేమే పట్టుకుపోతాం" అని తల్లులు వెళ్లి అడగాలి. డిపోలో ఆయన కూర్చుని మీరు నిలబడే పరిస్థితి రానివ్వొద్దు. ఎవరు ఏం మాట్లాడాలో ముందే పంచుకోండి. ఒకరు టికెట్ల పుస్తకం, ఒకరు బడి టైము కాగితం, ఒకరు వంక దగ్గర ముసలామె సంగతి. ఇంట్లో రెండుసార్లు చెప్పించి చూడు. ఒకామెను మేనేజరులా కూర్చోబెట్టి గట్టిగా కసిరించు కూడా. నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

మెట్ట పిల్ల (ఆరు వారాల తర్వాత):

నిన్న డిపోకు వెళ్లొచ్చాం. పదకొండు మంది వస్తామన్నారు, బస్టాండు దగ్గర లెక్క చూస్తే ఏడుగురు. లోపలికి ఐదుగుర్నే రమ్మన్నారు. నేను బయటే ఉండిపోయాను. అక్కా, ఆ ఇరవై నిమిషాలు నా కాళ్లు ఒకచోట నిలవలేదు.

వాళ్లు బయటికొచ్చి చెప్పింది ఇది. మేనేజరు ముందు "రిపోర్టు పంపాం కదమ్మా, ఆ టైములో జనం లేరు" అన్నారట. లెక్కల అమ్మాయి వాళ్లమ్మ నోట్‌బుక్ తెరిచి బల్ల మీద పెట్టింది. 27 రోజుల టికెట్లు. ఆయన పేజీలు తిప్పుతూ ఇవి ఎవరు అంటించారు అని అడిగారట. ఆ తర్వాత అవ్వ తన చెయ్యి చాపి చూపించింది. ఆమె నేర్చుకున్న మాట ఒకటి, అక్కడ చెప్పింది ఇంకొకటి: "నాయనా, ఈ ఎముక అతికింది. పిల్లకేమన్నా అయితే అతకదు."

5.30కి వేరే రూట్లో పోయే సర్వీసును మా ఊళ్ల మీదుగా పదిహేను రోజులు తిప్పి చూస్తామన్నారు. కాగితం మీద ఇవ్వలేదు. కాగితం ఎప్పుడిస్తారు అని అడిగింది మా వాళ్లలో ఎవరో తెలుసా? మా చిన్నమ్మ, ఆటో చిన్నాన్న భార్య. ఆమె వస్తుందని నా పుస్తకంలో రాసుకోనే లేదు. సోమవారం రమ్మన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడుగురూ వెనక సీట్లో కూర్చుని ఎవరు ఎలా మాట్లాడారో మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు.

లాంతరు:

చాలా సంతోషంగా ఉంది తల్లీ. ఆ అవ్వకు నా దండం చెప్పు.

సోమవారం ఎవరు వెళ్లాలో ఈ రాత్రే వాళ్లను అనుకోమను. ఈసారి లోపల మాట్లాడనివాళ్లలో ఒకరికి మాట ఇవ్వండి. రేపు పొద్దున పాల వేళకు నువ్వూ చిన్నమ్మా కలిసి, వస్తామని రాని ఆ నలుగురి ఇళ్లకు పోండి. ఎందుకు రాలేదని అడగొద్దు. నిన్న ఏం జరిగిందో చిన్నమ్మ చెప్తుంది, నువ్వు కూర్చో. పదిహేను రోజులూ పిల్లలందరూ ఆ బస్సే ఎక్కేలా, టికెట్లు అంటించేలా చూసే పని ఆ నలుగురికీ ఇవ్వండి.